లారెల్ తరువునకు శీతకాలపు విడిది

గ్రీసు, ఇటలీ మొదలుగాగల మధ్యధరా సముద్రతీర దేశములలో నిత్యహరితమై పెరుగు లారెల్ చెట్టునకు లభించిన గౌరవము వృక్షజాతిలో బహుకొద్దింటికి మాత్రమే లభించినది. అపోలో దేవుడు వెంటాడగా తప్పించుకొనుటకు డాఫ్నీ అను కన్య ఈ చెట్టుగా మారినదని గ్రీకుల పురాణగాథ. డెల్ఫీ క్షేత్రమున ఆ దేవుని పేర జరిగిన పిథియన్ క్రీడోత్సవములలో విజేతల శిరస్సుల నలంకరించినది ఈ ఆకుల దండయే. శత్రువులను గెలిచి రోము నగర వీథులలో ఊరేగిన సేనానులు ధరించినదియు ఇదియే. అట్టి ఘనత వహించిన ఆకు వంటింటిలో సూపులకును, మాంసపు వంటకములకును సువాసన నిచ్చునదియు నగుటచే, ఉత్తర ఐరోపా ప్రజలు తమ దేశపు మంచున కోర్వజాలని ఈ చెట్టును ఎట్లయినను తమ యింట నిలుపుకొనవలెనని తలచిరి. ఆ తలంపు నుండి పుట్టినదే దీనిని తొట్టిలో పెంచు విద్య.

ఈ విద్యకు రాజాశ్రయము కూడ లభించినది. ఫ్రాన్సులోని వెర్సాయి రాజప్రాసాదమునకు చేరువగా 1684 - 1686 సంవత్సరముల నడుమ జూల్ అర్దువాఁ మాన్సార్ అను వాస్తుశిల్పి నిర్మించిన ఆరంజరీ భవనము శీతకాలమున తొట్టిచెట్లను దాచుటకే కట్టబడినది. 150 మీటర్లకు పైబడిన పొడవుగల దాని నడిమి మండపమునకు గోడలు మిక్కిలి దళసరి, కిటికీలన్నియు దక్షిణముఖమైనవి. నారింజ, నిమ్మ, దానిమ్మ చెట్లను చెక్కపెట్టెలలో పెంచి, వేసవిలో బయటి తోటలో నిలిపి, చలి ముదురకముందే లోనికి చేర్చుట అచ్చటి యాచారము. ఆ మండపము వెచ్చనిది కాదని పాఠకులు గమనింపవలెను. లోన మంచు గడ్డకట్టకుండుటయు, వెలుతురు పుష్కలముగా పడుటయు, ఈ రెండే అందలి రహస్యము. తరువాతి కాలమున బెల్జియములోని బ్రూజ్, ఘెంట్ నగరముల తోటమాలులు లారెల్‌ను గుండ్రని గొడుగులుగను, గోపురములుగను కత్తిరించి పెంచి దూరదేశములకు ఎగుమతి చేసిన కాలమునను ఈ సూత్రమే వారికి ఆధారము.

నేలలో వేళ్లూనిన లారెల్ సున్నకు దిగువ 5 సెంటిగ్రేడు డిగ్రీల చలిని సాధారణముగా తట్టుకొనును. తొట్టిలోని చెట్టునకు ఆ శక్తి లేదు. నేలలోని వేరును చుట్టునున్న భూమి కాపాడుచుండగా, తొట్టిలోని వేరును చలి అన్ని ప్రక్కలనుండియు తాకును. మట్టి గడ్డకట్టినచో అందలి నీటిని వేరు పీల్చుకొనజాలదు. ఆకురాల్చు చెట్లకు ఇది పెద్ద యాపద కాదు గాని, ఏడాది పొడవునను ఆకులు నిలుపుకొను లారెల్ ఎదురుగాలికిని, శీతకాలపు ఎండకును తన తేమను ఆవిరిగా కోల్పోవుచునే యుండును. పైనుండి వ్యయమేగాని క్రిందినుండి ఆదాయము లేని యీ స్థితిలో ఆకులంచులు గోధుమవన్నెకు మాడి, చెట్టు చలికన్న ముందుగా దాహముచేతనే నశించును.

కావున మొదటి గట్టిమంచు కురియకమున్నే దానిని లోనికి తేవలెను. ఎచ్చటికి తేవలెనన్నదే ఈ సేద్యమున అసలైన ప్రశ్న, పలువురు పొరపడుచున్నదియు ఇచ్చటనే. న్యూజెర్సీలోను, షికాగోలోను స్థిరపడిన మన తెలుగువారు కరివేపాకు మొక్కను చలికాలమున హీటరు గల ముందుగదిలో కిటికీ దగ్గర నుంచి కంటికి రెప్పవలె సాకుట నెరుగుదుము. ఉష్ణదేశపు మొక్కయగుటచే కరివేపకు ఆ వెచ్చదనము హితము; లారెల్‌కు అది యహితము. శీతకాలము దానికి విశ్రాంతికాలము. 5 నుండి 10 డిగ్రీల చల్లదనము గల వరండాయో, అద్దాల పంచయో, కిటికీ గల కారుషెడ్డో దానికి తగిన విడిది. వెచ్చని పొడిగాలిలో నిలిపినచో అకాలమున లేతచిగుళ్లు వేసి, వెలుతురు చాలక అవి పాలిపోవును, ముదురాకులు రాలును. ప్రేమాతిశయముచే వెచ్చనిగదిలో చేర్చబడి చెడిన లారెల్ చెట్లు చలికి చచ్చిన వానికన్న తక్కువ కావని నా నిశ్చితాభిప్రాయము.

నీటి విషయమునను ఇట్టి సంయమమే కావలయును. పైమట్టి వ్రేలికి పొడిగా తగిలిన పిమ్మటనే పోయవలెను; పళ్లెములో నీరు నిలువనీయరాదు. విశ్రమించు వేరు తడిలో నానినచో కుళ్లును, ఆకులపై మచ్చలు పొడచూపును. ఎరువు ఈ నెలలలో అసలే వలదు. మంచులేని మధ్యాహ్నములలో తలుపు తెరచి గాలి సోకనిచ్చుట మేలు.

లోపలనున్న చెట్టును పొలుసు పురుగు విశేషముగ బాధించును. ఆకు అడుగున ఈనెవెంట గోధుమరంగు చుక్కలవలె కదలక అంటియుండు నీ పురుగు రసము పీల్చి, జిగురును విడుచును. ఆ జిగురుపై మసివంటి బూజు పట్టును. తడిగుడ్డతో ఓపికగా తుడిచి, వేపనూనె కలిపిన సబ్బునీటిని చల్లుటయే సులభోపాయము. వేసవిలో లేతాకుల అంచులు ముడుచుకొని ఉబ్బినచో అది మరియొక పురుగు పని; ఆ యాకులను త్రుంచివేసిన చాలును.

తొట్టి విషయము క్లుప్తముగా చెప్పవచ్చును: అడుగున రంధ్రములున్న మట్టితొట్టి, ఇసుక కలిసిన సారవంతమైన మట్టి, రెండేండ్లకొకమారు కొంచెము పెద్దతొట్టికి మార్పు, వసంతము నుండి వేసవి చివరివరకు మితముగా ఎరువు, వేసవిలో కత్తిరింపు. గింజ మొలకెత్తుటకు నెలలు పట్టును; కొమ్మముక్క వేరు తొడుగుటకును అంతియే. తొందరపడువారు నర్సరీలో మొక్కను కొనుట మంచిది.

వసంతమున దానిని ఒక్కపెట్టున ఎండలో నిలుపరాదు. నీడకు అలవడిన ఆకు నడియెండకు కమలిపోవును. కావున రెండువారములు పగటివేళ నీడపట్టున నుంచి, రాత్రి మరల లోనికి చేర్చుచు, క్రమముగా బయలున కలవాటు చేయవలెను.

వంటకు పచ్చియాకు కొంత చేదు; నీడలో ఆరబెట్టినచో చేదు తగ్గి పరిమళము నిలుచును. మన అంగళ్లలో బిరియానీ ఆకుగా అమ్మబడునది హిమాలయ పాదప్రాంతములందలి దాల్చిన జాతి చెట్టుది. దానిపై నిడువుగా మూడీనెలు సాగును. లారెల్ ఆకునకు నడుమ నొక్క పెద్దయీనెయు, దానినుండి ప్రక్కలకు చీలిన చిన్నయీనెలును ఉండును. ఈ రెంటిలో దేనిని వాడినను హాని లేదు. హాని గలది చెర్రీ లారెల్ అను మరియొక పొద. ఐరోపాలోను, అమెరికాలోను ఇండ్లచుట్టు కంచెగా పెంచబడు దాని ఆకులయందు సయనైడు విషమును పుట్టించు పదార్థము కలదు. నలిపినప్పుడు చేదు బాదము వాసన వచ్చిన ఆకు అదియే. విదేశములలో వసించు మన సోదరీమణులు కంచెనుండి కోసిన ఆకును లారెల్ అను పేరు విని వంటలో వేయవలదని, లారస్ నోబిలిస్ అను శాస్త్రీయనామము చీటీపై చూచిన పిమ్మటనే మొక్కను కొనవలెనని ప్రార్థించుచున్నాను.