మీకు తెలుసా? – రెండు మాసముల ఆయుష్షు

ఆస్ట్రేలియా తూర్పుతీరమునందలి మహాప్రవాళభిత్తియందు వసించు, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవైన ఎవియోటా సిగిల్లాటా అను చుక్కల గోబీ చేప 59 దినములకు మించి జీవింపదు. వెన్నెముక గల ప్రాణులలో నిర్ధారింపబడిన అత్యల్పాయువు ఇదియే. అనగా రెండు చాంద్రమాసములు: శ్రావణ శుద్ధ పాడ్యమినాడు పుట్టినదనుకొన్నచో, మన సీతారాండేరా పేటలో శరన్నవరాత్రుల పందిళ్లు వెలుగునాటికి అది ఉండదు.

ఇందులో మూడు వారములు డింభకదశలో నడిసముద్రమునందే గడచిపోవును. పిదప ఒకటి రెండు వారములలో పగడముల నడుమ కుదురుకొని యౌవనము నొందును. మిగిలిన మూడున్నర వారములలోనే ఆడుచేప మూడు విడతలుగా సుమారు 400 గ్రుడ్లు పెట్టగా, వానిని కాచు భారము మగచేప వహించును. (ఇంత తొందరలోను పితృధర్మము విడువకుండుట మెచ్చదగినదే!)

మరి చేప వయస్సు తెలియుట ఎట్లు? చెవిలోని సున్నపురాతిపై దినమునకొక వలయము చొప్పున ఏర్పడును. వానిని లెక్కించియే జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయమునకు చెందిన డెప్‌చిన్‌స్కీ, బెల్‌వుడ్ అను శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతిని ప్రకటించిరి. అంతకు పూర్వము ఈ ఖ్యాతి ఆఫ్రికాలోని వానగుంటలలో పెరుగు ఒక కిల్లీ చేపది. దాని ఆయుర్దాయము సుమారు 12 వారములు.