‘హార్డ్‌వర్కింగ్’... పలికేదెలా?

ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే చాలామంది నోట వచ్చే మాట ‘హార్డ్‌వర్కింగ్’. ఇందులో సిలబుల్స్ మూడే: హార్డ్-వర్క్-ఇంగ్. తెలుగులో మాటను అచ్చుతో ముగించడం మనకు అలవాటు కదా, ఆ ఊపులో ‘హార్డువర్కింగు’ అనేస్తాం. మూడు కాస్తా అయిదవుతాయి! ‘డ్’ దగ్గర ‘ఉ’ చేర్చకుండా నేరుగా ‘వర్క్’లోకి వెళ్లాలి.

అసలు చిక్కు స్ట్రెస్‌తోనే. ‘ఐ యామ్ హార్డ్‌వర్కింగ్’ అంటే నొక్కి పలకాల్సింది ‘వర్క్’ని. పక్కనే నామవాచకం వస్తే, అంటే ‘ఎ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్’ అన్నప్పుడు, ఆ ఒత్తిడి ‘హార్డ్’ మీదకు జరుగుతుంది. ‘వెల్‌నోన్’ కూడా ఇంతే. ‘సెల్ఫ్‌మోటివేటెడ్’లో అయిదు సిలబుల్స్, నొక్కాల్సింది ‘మో’ని. యాస మార్చుకోనక్కర్లేదు, మాట స్పష్టంగా వినిపిస్తే చాలు. ఆ వెంటనే ‘ఒక ఉదాహరణ చెప్పండి’ అని అడగొచ్చు. అదీ సిద్ధం చేసుకోండి.