ఆరు వారాల్లో ఒక సెమిస్టర్

జూన్ నెలాఖరుకి ఐరోపాలో చాలా యూనివర్సిటీల్లో పరీక్షలు ముగిసి హాస్టళ్లు ఖాళీ అవుతాయి. ఆ గదుల్లోకి వెంటనే మరో జట్టు దిగుతుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1989 నుంచి వేసవి బడి నడుస్తోంది, ఒక్కో విడత మూడు వారాలు. కోపెన్‌హాగెన్ బిజినెస్ స్కూల్‌లో ఆరు వారాలు. బార్సిలోనా స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వారానికో అంశం చొప్పున చెబుతారు. ఎకనామెట్రిక్స్, ఫైనాన్స్, డేటా అనలిటిక్స్ చాలాచోట్ల ఉంటాయి. కోపెన్‌హాగెన్ లాంటి చోట్ల పీజీ స్థాయి కోర్సులూ ఉంటాయి.

‘బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్’ అన్న మాట హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీల్లో పొద్దస్తమానం వినిపించేదే. ఆ చదువులో ఉన్న మన పిల్లలు, ఆ చదువుకి వెళ్లబోయేవాళ్లు ఈ వేసవి కోర్సుల గురించి ఆరా తీస్తున్నారు. రెజ్యూమెలో ఒక వరుస పెరుగుతుందన్న ఆశ ఒకటి, పేరున్న సంస్థ గడప తొక్కామన్న తృప్తి ఒకటి. తప్పు పట్టాల్సిన పనేం లేదు. కానీ అంతదూరం వెళ్లి అంతటితో సరిపెట్టుకుంటే నాకు మనసొప్పదు. ఆ కొద్ది వారాల్లో దొరికేది దానికంటే చాలా పెద్దది.

ముందు గంటల లెక్క చూద్దాం. ఐరోపా కొలత ప్రకారం ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. కోపెన్‌హాగెన్‌లో ఒక వేసవి కోర్సుకి 7.5 క్రెడిట్లు. అంటే తక్కువలో తక్కువ 187 గంటలు, ఎక్కువంటే 225. ఆరు వారాలకు పంచితే వారానికి 31 నుంచి 37 గంటలు. ఒక్క కోర్సే ఉద్యోగమంత పని! రెండు తీసుకుంటే వారానికి 60 గంటలు దాటిపోతుంది. మామూలు సెమిస్టర్‌లో ఒక పాఠం తలకెక్కకపోతే పండగ సెలవుల్లో చూసుకోవచ్చు. ఇక్కడ సోమవారం చెప్పినదాని మీదే బుధవారం పాఠం నిలబడుతుంది. మాత్రికలు, సంభావ్యత, రిగ్రెషన్ అప్పటికే చేతికి అలవాటై ఉండాలి.

అందుకే ఫైనాన్స్‌కి పరిచయం, ఎకనామిక్స్‌కి పరిచయం అనే తరహా కోర్సుల కోసం విమానం ఎక్కడం దండగంటాను. ఆ పునాది ఎన్‌పీటెల్‌లోనూ, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లోనూ ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు. వేసవికి సరిపడేది ఇరుకైన, లోతైన అంశం. ఒకే ఒక్క పద్ధతిని పట్టుకుని దాని మూలం దాకా వెళ్లడం.

వేసవిలో ఒకచోట చేరి లెక్కలతో కుస్తీ పట్టడం ఎకనామెట్రిక్స్‌కి పాత అలవాటే. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలడాన్ని పసిగట్టలేకపోయిన జోస్యాలు చూశాక, ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ అనే వ్యాపారికి ఓ అనుమానం వచ్చింది. మార్కెట్‌కి జోస్యం చెప్పేవాళ్లకు నిజంగా ఏమైనా తెలుసా అని. ఆ అనుమానంతోనే 1932లో కౌల్స్ కమిషన్ అనే పరిశోధన సంస్థ పెట్టాడు. 1935 నుంచి 1940 దాకా ఏటా వేసవిలో కొలరాడో స్ప్రింగ్స్ కొండల్లో ఆర్థికవేత్తలను, గణాంక శాస్త్రవేత్తలను సమావేశపరిచాడు. అక్కడికి వచ్చినవారిలో గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ.ఫిషర్ ఒకరు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఆయన దగ్గరే డాక్టరేట్ చేశారు మన సి.ఆర్.రావు. విశాఖ ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న మనిషి.

ఆయన ప్రస్తావన ఊరికే తేలేదు. వేసవి ఫైనాన్స్ తరగతిలో తప్పకుండా వచ్చే పాఠం ఒకటుంది. షేర్ల ఒడిదుడుకులు గుంపుగా వస్తాయి. ఒక పెద్ద కుదుపు వస్తే దాని వెంట మరికొన్ని పెద్దవే వస్తాయి, ప్రశాంతంగా ఉన్న రోజులూ వరుసగానే ఉంటాయి. దీనికి సూత్రం కట్టినవాడు ఆర్థికవేత్త రాబర్ట్ ఎంగిల్. 1979లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో విజిటర్‌గా ఉన్నప్పుడు మొదలైన ఆలోచన అది. మొదట బ్రిటన్ ద్రవ్యోల్బణం మీద ప్రయోగించి 1982లో ప్రచురించాడు. 2003లో నోబెల్ వచ్చింది. ఒడిదుడుకులు అలా గుంపు కడుతున్నాయో లేదో తేల్చే పరీక్ష చేతికి సులువే. నమూనాకి అందకుండా మిగిలిన తేడాలను వర్గం చేయాలి, నిన్నటి వర్గం మీద ఇవాళ్టి వర్గాన్ని రిగ్రెస్ చేయాలి, వచ్చిన ఆర్-స్క్వేర్‌ని పరిశీలనల సంఖ్యతో గుణించాలి. కంప్యూటర్‌లో నాలుగైదు వరుసల కోడ్. దాన్ని లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అంటారు. దాని మూలం 1948లో సి.ఆర్.రావు ఇచ్చిన స్కోర్ టెస్ట్. తరగతిలో ఆ పేరు వినపడకపోవచ్చు. మన పిల్లలకు మాత్రం తెలిసుండాలని నా కోరిక.

ఇక ప్రయాణం సంగతులు. మన వేసవి, వాళ్ల వేసవి ఒకటి కావు. మనకి ఏప్రిల్, మే సెలవులు. వాళ్ల కోర్సులు ఊపందుకునే సరికి ఇక్కడ చాలాచోట్ల కొత్త సెమిస్టర్ మొదలవుతుంది. కాబట్టి ఇది ఐరోపాలో ఇప్పటికే చదువుతున్నవారికి అమరినంత బాగా ఇక్కడివారికి అమరదు. డెన్మార్క్, స్పెయిన్‌లకు షెంగెన్ వీసా. లండన్‌కి ఆ వీసా చెల్లదు, బ్రిటన్‌ది వేరే తీసుకోవాలి. ఎక్స్ఛేంజ్ ఒప్పందం కింద వెళ్తే ట్యూషన్ ఫీజు తప్పుతుంది గనుక ముందుగా కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోవడం మేలు. క్రెడిట్లు లెక్కలోకి తీసుకుంటామని మన యూనివర్సిటీ నుంచి కాగితం మీద రాయించుకున్నాకే ఫీజు కట్టాలి. తిరిగొచ్చాక అడిగితే సిలబస్ కలవలేదనే జవాబు రావచ్చు.

అన్నింటికంటే ముఖ్యం, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాల్సింది ఒక ప్రశ్న. ఎకనామెట్రిక్స్ కోర్సుల్లో తరచూ చెప్పే ఉదాహరణ చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ హద్దుకి అటూ ఇటూ ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను ఎంతమంది పనివాళ్లున్నారని పెంపుకి ముందోసారి, తర్వాతోసారి అడిగారు. పూర్తికాల ఉద్యోగాల లెక్కన హోటల్‌కి సగటున న్యూజెర్సీలో 20.44 ఉన్నది 21.03 అయింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి పడింది. తెల్లబోర్డు మీద ఈ నాలుగు అంకెలే ఉంటాయి. న్యూజెర్సీలో 0.59 పెరిగింది, పెన్సిల్వేనియాలో 2.16 తగ్గింది, తేడాల తేడా దాదాపు 2.75. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న నమ్మకం ఆ హోటళ్లలో నిలవలేదు. 1994లో వచ్చిన ఆ పరిశోధన మీద వాదోపవాదాలు ఇంకా ఆగలేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది, క్రూగర్ అప్పటికే లేరు.

ఇదే లెక్కని మన హద్దు మీద పెట్టి చూడండి. 2018 మే 10న తెలంగాణలో రైతుబంధు మొదలైంది. అప్పట్లో ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయలు. హద్దుకి అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట వైపు, అదే నేల, అవే పంటలు, ఈ సాయం మాత్రం అప్పుడు లేదు. ఆ డబ్బు విత్తనానికి వెళ్లిందా, వడ్డీ వ్యాపారి అప్పు తీర్చిందా, కౌలు పెంచిందా? కౌలు రైతుకి ఆ సాయం అందలేదు గనుక చివరి ప్రశ్న నాకు మరీ ముఖ్యం. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే ఓ అమ్మాయి ఈ ప్రశ్నతో వేసవి తరగతికి వెళ్తే, మొదటి వారంలోనే ప్రొఫెసర్ ఆమెను ఆపి అడుగుతారు, పోల్చడానికి ఎంచుకున్న ఆ అవతలి ఊళ్లు చివరిదాకా మారకుండా ఉన్నాయా అని. లేవు. 2018 డిసెంబరు నుంచి వర్తించేలా కేంద్రం రైతులకు పీఎం-కిసాన్ సాయం ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అన్నదాత సుఖీభవ తెచ్చింది, అక్టోబరులో రైతు భరోసా. అంటే ఆమె చేతిలో శుభ్రంగా మిగిలేది 2018 ఖరీఫ్ ఒక్కటే. ఆ ఒక్క పంటకాలానికి హద్దుకి రెండు పక్కలా కౌలు రేట్లు ఎవరి దగ్గర రాసి ఉన్నాయో ఆమె బయల్దేరకముందే వెతకడం మొదలుపెట్టాలి.