రాయి ఉందని తేలాక క్యాన్సర్ అనుమానం ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి పిత్తాశయంలో రాయి ఉందని స్కాన్‌లో తేలింది. కామెర్లు దానివల్లే అనుకుంటుంటే, రిపోర్టులో పిత్తనాళ క్యాన్సర్ అనుమానం కూడా రాశారు. ఎందుకు?

జవాబు: ఆ ఒక్క మాట చదివాక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగులోకి దించే నాళం పెన్సిల్ కంటే సన్నం. పిత్తాశయం మెడ దాని పక్కనే ఉంటుంది. చాలామందిలో రాళ్లు పిత్తాశయంలోనే ఊరికే పడి ఉంటాయి. కొందరిలో నాళంలోకి జారి అడ్డుపడతాయి. అరుదుగా ఒక రాయి ఆ మెడలోనే ఇరుక్కుని, పక్కనున్న నాళాన్ని బయటి నుంచి అదుముతుంది. అర్జెంటీనా సర్జన్ పాబ్లో మిరిజ్జి 1948లో దీన్ని వివరించారు. ఆయన పేరుతోనే దీన్ని మిరిజ్జి సిండ్రోమ్ అంటారు.

వాపు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ చుట్టుపక్కలంతా గట్టిపడుతుంది. అక్కడ నాళం ఇరుకై, పైభాగం ఉబ్బుతుంది. పిత్తనాళ క్యాన్సర్‌లోనూ స్కాన్‌లో కనిపించేది దాదాపు ఇదే. పైగా కొలెస్ట్రాల్ రాళ్లు కొన్ని సీటీలో కనిపించవు. తిండి సయించక మనిషి చిక్కిపోతే అనుమానం ఇంకా బలపడుతుంది.

అన్నిటికంటే భయపెట్టేది సీఏ 19-9 రక్తపరీక్ష. ఈ పరీక్షలో కొలిచే పదార్థం క్యాన్సర్ కణాల్లోనే కాదు, మామూలు పిత్తనాళపు పొరలోనూ తయారవుతుంది. పైత్యరసంతో బయటికి పోవాల్సింది, దారి మూసుకుంటే రక్తంలో పేరుకుంటుంది. సాధారణంగా 37 లోపు ఉండే అంకె వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి ఎక్కుతుంది. నాళం తెరుచుకునేలా స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసి, కామెర్లు తగ్గాక ఆ పరీక్ష మళ్లీ చేయించండి. కారణం రాయే అయితే సాధారణంగా బాగా దిగిపోతుంది.

మరి ఎలా తేలుస్తారు? ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ స్కాన్ ఫిల్ములో పిత్తనాళాలు నల్లటి చీకట్లో తెల్లటి చెట్టులా కనిపిస్తాయి. రాయి నొక్కినచోట కాండం ఒకపక్క నుంచి నున్నగా నొక్కుకుపోయి ఉంటుంది, ఆ పక్కనే రాయి నల్లటి మచ్చలా ఉంటుంది. క్యాన్సర్‌లో అంచులు గరుకుగా ఉండి, కాండం తెగినట్టు ఆగిపోతుంది. అన్నిసార్లూ ఇంత స్పష్టంగా ఉండదు. అప్పుడు ఎండోస్కోపీతో కణాలు తీసి చూస్తారు. అందులో ఏమీ దొరక్కపోయినా క్యాన్సర్ లేదని తేల్చేయరు.

రాయి దొరికింది కదా అని నిశ్చింతగా ఉండటమూ తప్పే. రెండూ కలిసి ఉండొచ్చు. ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారా అని తప్పక అడగండి.

ఇది మిరిజ్జి సిండ్రోమ్ అని ఆపరేషన్‌కు ముందే తెలియడం చాలా అవసరం. అక్కడ అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, పిత్తాశయపు గొట్టమనుకుని అసలు నాళాన్నే కత్తిరించే ప్రమాదముంది.

మన ఊళ్లలో కామెర్లంటే ముందు పసరు మందుకు పరుగెడతారు. పసరు ఆ రాయిని కదిలించలేదు. కామెర్లకు చలిజ్వరం తోడైతే నాళంలో ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు.