కాగితం లేని పాట

చైనాలో త్సుయి జియన్ అనే రాక్ గాయకుడున్నాడు. 1986లో బీజింగ్‌లో ఒక ప్రేమపాట పాడాడు. తన దగ్గర ఏమీ లేదు, అయినా వెంట వస్తావా అని ఒక పిల్లను అడగడం, పైకి అంతే. విన్న కుర్రకారు మాత్రం ఆ ఏమీ లేనితనం తమదే అనుకున్నారు. 1990లో ఆసియా క్రీడలకు నిధులు పోగుచేసే యాత్రలో అతను కళ్లకు ఎర్రగుడ్డ కట్టుకుని పాడాడు. యాత్రను మధ్యలోనే ఆపించేశారు. గుడ్డ కట్టుకోవడం ఏ సెక్షన్ కింద నేరమో మన లా కాలేజీ మిత్రులే చెప్పాలి!

ఈ విద్య మనకేమీ కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరతనాన్ని సూటిగా కాదని పాట కట్టి, 1920లలో జైలుకెళ్లారు. తరవాతివాళ్లు కాస్త చుట్టుదారి పట్టారు.

బుర్రకథనే తీసుకోండి. మధ్యన తంబురాతో కథకుడు, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం. కథకుడు బొబ్బిలి యుద్ధం చెబుతుంటాడు. రాజకీయం చెప్పే వంతవాడు అడ్డుపడి, "అలాంటి దొర మన ఊళ్లోనూ ఉన్నాడు కదన్నా!" అంటాడు. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు, ఊరు మారితే అదీ మారిపోతుంది. పుస్తకం పట్టుకుపోతే దొరికేది బొబ్బిలి యుద్ధమే. అందుకే కాబోలు, ఇటు బ్రిటిషువారూ అటు నిజామూ ఏకంగా బుర్రకథనే నిషేధించారు.

మన ప్రాంతపు జముకుల కథను సుబ్బారావు పాణిగ్రాహి గారు అలాగే వాడుకున్నారు. జనానికి తెలిసిన వరస, తెలిసిన వాద్యం, కొత్తదల్లా కథ. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో ఆయన ప్రాణం పోయింది. చుట్టుదారి అన్నివేళలా కాపాడదు.

ఎమర్జెన్సీలో (1975-77) పత్రికల్ని సెన్సారు చేశారు. అచ్చుకెక్కని పాటను సెన్సారు చేయాలంటే ఎన్ని నోళ్లని వెతుకుతారు? విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారి 'ఏం పిల్లడో' పాట అలాంటిదే. ఎత్తుగడ వింటే ఎవరో పిల్ల వరసైనవాణ్ణి సంతకు పిలుస్తున్నట్టుంటుంది. పిలుపు కొండమీది పోరాటానికని తెలిసేసరికి పాట నోటికి వచ్చేసి ఉంటుంది. నా మట్టుకు నాకు, నినాదాలు గుప్పించిన వంద పాటలకన్నా ఇదే గట్టిది.

2009లో ఆ పిలుపు సెన్సారు సర్టిఫికెట్టుతో సహా 'మగధీర' సినిమాపాటలో వినిపించింది. నేను చూసిన హాల్లో ఈలలే ఈలలు. ఎక్కడికి వెళ్దామంటోందని అడిగినవాళ్లు మాత్రం కనబడలేదు.