రక్షణ వ్యయంలో కోతలు - నౌకాదళ సన్నద్ధత: ఫాక్‌లాండ్స్ యుద్ధానుభవం

1. ఉపోద్ఘాతం

నౌకాదళ నిర్మాణానికి దశాబ్దాలు పడుతుంది. యుద్ధం రోజుల వ్యవధిలో వచ్చిపడుతుంది. రక్షణ వ్యయంలో కోతలు ఈ అంతరాన్ని ఏ విధంగా పెంచుతాయో 1982 నాటి ఫాక్‌లాండ్స్ యుద్ధం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 1981 సమీక్ష - దాని ప్రాతిపదిక

1981 జూన్‌లో బ్రిటిష్ రక్షణ మంత్రి జాన్ నాట్ రక్షణ సమీక్షను వెలువరించారు. సోవియట్ జలాంతర్గాములను ఉత్తర అట్లాంటిక్‌లో ఎదుర్కోవడమే నౌకాదళపు ప్రధాన కర్తవ్యమని అది భావించింది. తదనుగుణంగా ఉపరితల యుద్ధనౌకల సంఖ్యను తగ్గించాలని, దక్షిణ అట్లాంటిక్‌లో గస్తీ తిరిగే ఎండ్యూరెన్స్ నౌకను ఉపసంహరించాలని నిర్ణయించారు. విమానవాహక నౌక ఇన్విన్సిబుల్‌ను ఆస్ట్రేలియాకు విక్రయించడానికి 1982 ఫిబ్రవరిలో అంగీకారం కుదిరింది.

ఎండ్యూరెన్స్ చిన్న నౌకే. అయినా ఆ ప్రాంతంలో బ్రిటన్ ఉనికికి అది చిహ్నం. దాని ఉపసంహరణను ప్రకటించడం యుక్తం కాదని యుద్ధానంతరం ఫ్రాంక్స్ కమిటీ అభిప్రాయపడింది. మిగిలే సొమ్ము లెక్కకు అందుతుంది. ప్రత్యర్థికి చేరే సంకేతం అందదు.

3. యుద్ధంలో బయటపడిన లోటు

ఏప్రిల్ 2న అర్జెంటీనా దీవులను ఆక్రమించింది. మూడు రోజులకే హెర్మిస్, ఇన్విన్సిబుల్ నౌకలు పోర్ట్స్‌మత్ నుండి బయలుదేరాయి. ఇన్విన్సిబుల్ అప్పటికింకా చేతులు మారకపోవడం వల్లనే అది సాధ్యమయింది.

అయితే పాత కోతల ఫలితం వెంటాడింది. 1966లో కొత్త పెద్ద విమానవాహక నౌక ప్రణాళిక రద్దయింది. 1978లో ఆర్క్ రాయల్ సేవలు ముగియడంతో, దానిపై నుండి ఎగిరే ముందస్తు హెచ్చరిక రాడార్ విమానాలూ నౌకాదళానికి దూరమయ్యాయి. తక్కువ ఎత్తులో వచ్చే విమానాలను దూరం నుండే పసిగట్టే సాధనం లేకపోయింది. మే 4న ఎక్సోసెట్ క్షిపణి తగిలి షెఫీల్డ్ నౌకలో 20 మంది మరణించారు. ఈ నష్టానికి నౌకలోని ఇతర లోపాలూ తోడయ్యాయి గనుక, బాధ్యతనంతటినీ కోతలపైనే మోపడం సరికాదు. సీ కింగ్ హెలికాప్టర్లకు హడావుడిగా రాడార్ అమర్చినా, జూన్ 14న యుద్ధం ముగిసేనాటికి అవి రణరంగానికి చేరలేదు.

4. ముగింపు

యుద్ధానంతరం ఇన్విన్సిబుల్ విక్రయం రద్దయింది. ఎండ్యూరెన్స్ సేవలో కొనసాగింది. దీనిని బట్టి రెండు అంశాలు తేలుతున్నాయి. ఒకే శత్రువును ఊహించి చేసిన కోత, ఊహించని శత్రువు ఎదుట బలహీనతగా మారుతుంది. నౌకల సంఖ్య తగ్గడం కంటే ఒక సామర్థ్యం పూర్తిగా లోపించడం ఎక్కువ ప్రమాదకరం. యుద్ధం మొదలయ్యాక దానిని తిరిగి సమకూర్చుకునే వ్యవధి ఉండదు.