కలిసిన గొంతులో అందరి మాట ఉండాలి



"సంఘం" అనే మాటకు మన ఇళ్లలో రెండు అర్థాలున్నాయి. ఆదివారం అది ఆరాధనకు కూడుకునే సంఘం. సోమవారం అదే ఇంటి టీచరమ్మకు అది ఉపాధ్యాయ సంఘం. మన విశ్వాసులలో టీచర్లు, స్కూలు గుమాస్తాలు, ఆయాలు, మధ్యాహ్న భోజనం వండే తల్లులు ఎందరో ఉన్నారు. కాబట్టి వారి సంఘాలు ఎందుకు కలుస్తాయో, కలిశాక ఎందుకు విడిపోతాయో మనకూ తెలియాలి.

మన రాష్ట్రంలో ఎస్టీయూ, ఏపీటీఎఫ్, 1974లో ఏర్పడిన యూటీఎఫ్, పీఆర్టీయూ వంటి ఉపాధ్యాయ సంఘాలు చాలా ఉన్నాయి. ఇన్ని ఎందుకని కొందరు అడుగుతారు. సెకండరీ గ్రేడ్ టీచరు సమస్య ఒకటైతే, భాషాపండితుల ప్రమోషను సమస్య మరొకటి. వ్యాయామ ఉపాధ్యాయుల కష్టం వేరు, ఎయిడెడ్ స్కూలు టీచరు భయం వేరు. భావాలలో కూడా తేడాలున్నాయి. అయితే ఎవరికి వారు వినతిపత్రం ఇచ్చి వస్తే, ఒకరికి సరేనని మరొకరిని పక్కన పెట్టడం ప్రభుత్వానికి సులువు. అందుకే ఫ్యాప్టో వంటి సమాఖ్యలు, జేఏసీలు పుట్టాయి. అందరికీ సమ్మతమైన కోర్కెలు కొన్నింటిని ఏరి ఒకే పత్రంగా రాస్తారు. నల్లబ్యాడ్జీలు, ధర్నా, సమ్మె నోటీసు అంటూ దశలవారీగా ముందుకు వెళతారు.

ఈ ఐక్యత బలమూ, దాని బలహీనతా మన విజయవాడలోనే కనబడ్డాయి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అప్పటికి ఉద్యోగులు 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నారు. పైగా ఇంటి అద్దె భత్యం కూడా తగ్గింది. వేర్వేరు సంఘాలు కలిసి పీఆర్సీ సాధన సమితిగా ఏర్పడ్డాయి. ఫిబ్రవరి 3న "చలో విజయవాడ" పిలుపు మీద, పోలీసు ఆంక్షలు దాటుకుని వచ్చిన ఉద్యోగులతో, టీచర్లతో బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. రెండు రోజుల్లోనే మంత్రుల కమిటీ చర్చలు జరిపి ఒప్పందానికి వచ్చింది. అద్దె భత్యం కొంత సవరించారు. ఇచ్చిన మధ్యంతర భృతిని తిరిగి వసూలు చేయబోమన్నారు. ఫిబ్రవరి 7 నుంచి జరగాల్సిన సమ్మె ఆగింది.

కానీ ఫిట్‌మెంట్ 23 శాతం దగ్గరే ఉండిపోయింది. ఇది మాకు సమ్మతం కాదని ఉపాధ్యాయ సంఘాలు బయటకు వచ్చేశాయి. ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. గమనించవలసినది ఒక్కటే. జనాన్ని రోడ్డు మీదకు తెచ్చిన ఐక్యత, చర్చల గదిలో సంతకం దగ్గర తెగింది. గదిలో కుదిరిన మాటను బయట ఉన్న సభ్యుల ముందు పెట్టి, వారి సమ్మతి తీసుకున్నాకే సంతకం చేయడం ఏ ఐక్య వేదికకైనా ప్రాణం.

ఆదిమ సంఘానికీ ఇలాంటి పరీక్ష ఎదురైంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ సహాయం సరిగా అందడం లేదని సణుగుడు వచ్చిన సంగతి అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో చదువుతాము. అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయినవారి వైపు నుంచే బాధ్యులు వచ్చారు.

నేటి స్కూళ్లలో అలా వెనుకబడినవారు ఎవరు? మధ్యాహ్న భోజన కార్మికుల గౌరవ వేతనం 2019లో వెయ్యి నుంచి 3000 రూపాయలైంది. నెలంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అది ఏపాటి? ఇక ప్రైవేటు స్కూలు టీచర్లకు గట్టి సంఘమే లేదు. వారి గ్రాట్యుటీ కథ చూడండి. అహ్మదాబాదు ఉపాధ్యాయుల సంఘం వేసిన కేసులో, ఆ చట్టం టీచర్లకు వర్తించదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 నుంచే టీచర్లకు వర్తించేలా చేసింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. కాబట్టి ఐదేళ్లు పనిచేసి మానుకున్న ప్రైవేటు టీచరుకు గ్రాట్యుటీ దయ కాదు, హక్కు. ఆ సంగతి తెలియని టీచర్లు మన సంఘాలలోనే ఉన్నారు.

ఉపాధ్యాయ సంఘాల పెద్దలకు మా మనవి. మీ కోర్కెల పత్రంలో ఆయా పేరు, వంట మనిషి పేరు చివరి వరుసలో కాక ముందు వరుసలో రాయండి. సమ్మె వల్ల పోయిన పాఠాలను సెలవు రోజుల్లో చెప్పండి. అప్పుడు తల్లిదండ్రులు కూడా మీ వెంట నిలబడతారు.

స్కూళ్లు నడిపే మన సంఘాల పెద్దలకు మరొక మనవి. మన దగ్గర పనిచేసేవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే తిరుగుబాటు అనుకోవద్దు. నియామక పత్రం, పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు సక్రమంగా ఉన్నాయో లేదో ఈ నెల కమిటీ మీటింగులోనే చూడండి. కూలివాని జీతం బిగబట్టడం గురించి యాకోబు రాసిన హెచ్చరిక ప్రభుత్వాలకే కాదు, మనకు కూడా.